టైటాన్స్ మ్యాచ్ చూస్తూ స్కోరు కాక ఇంకేం గమనించాలి? స్టార్ రైడర్ ఉన్నా ఎందుకు ఓడేవాళ్ళం?

విశాఖ మ్యాట్:

ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ మ్యాచ్‌లు వదలకుండా చూస్తాను. కూత (రైడ్), బోనస్, ఆలౌట్ లాంటి నియమాలు తెలుసు. ఆట ఎక్కడ చేజారిందో మాత్రం పట్టుకోలేకపోతున్నా.

నాకు అంతుపట్టని లెక్క ఇది. పదో సీజన్‌కు రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి తెచ్చుకున్నాం. అప్పటికి లీగ్‌లో అంత ధర ఎవరికీ పలకలేదు. అతను రైడ్ పాయింట్లు రెండొందలు దాటించాడు కూడా. అయినా జట్టు 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది 2. అదే 12వ సీజన్‌లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు, మనవాళ్ళేమో ఫైనల్‌కు ముందు మెట్టయిన క్వాలిఫయర్-2 దాకా వెళ్ళారు. పెద్ద రైడర్ ఉన్నప్పుడు అట్టడుగున ఉండి, లేనప్పుడు పైకి రావడమేంటి?

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని మ్యాచ్ చూస్తే ఏం రాసుకోవాలి? స్టేడియానికి వెళ్తే ఎక్కడ కూర్చుంటే ఆట బాగా అర్థమవుతుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఎడమ కార్నర్:

మీ ప్రశ్నకు సగం జవాబు బెంచీ మీద దొరుకుతుంది. స్టార్ రైడర్ ఎన్ని పాయింట్లు తెచ్చాడో అందరూ చూస్తారు. ఎన్ని నిమిషాలు బయట కూర్చున్నాడో ఎవరూ లెక్కపెట్టరు.

ఔటైన ఆటగాడు లోపలికి రావాలంటే మన జట్టు ఒకరిని తాకాలి, లేదా వాళ్ళ రైడర్‌ను పట్టాలి. ఒక ఔట్‌కు ఒకరు లోపలికి వస్తారు. అదీ వరుస ప్రకారమే: ముందు ఔటైనవాడు ముందు. కోచ్‌కు ఎవరు కావాలంటే వాళ్ళు రారు. ఎవరినీ తాకకుండా బోనస్ లైన్ దాటి తెచ్చే బోనస్ పాయింటుకు ఎవరూ రారు. ముగ్గురో అంతకంటే తక్కువో ఉండి రైడర్‌ను పడితే అది సూపర్ ట్యాకిల్, దానికి రెండు పాయింట్లు పడినా వచ్చేది ఒక్కడే.

ఇప్పుడు మ్యాట్ మీద ఏం జరుగుతుందో చూడండి. మనవాళ్ళు ముగ్గురు అప్పటికే బయట ఉన్నారు. నలుగురిలో ఒకడైన స్టార్ కూతకు వెళ్ళి దొరికిపోయాడు. అంటే వరుసలో అతనిది నాలుగో నంబరు. లోపల మిగిలింది ముగ్గురు. అందులో రైడర్ అనదగ్గవాడు ఒకడే ఉంటాడు, అతను రెండో రైడర్. అతను వెళ్ళి బోనస్ తెచ్చాడు, మళ్ళీ వెళ్ళి ఇంకో బోనస్ తెచ్చాడు. స్కోరు బోర్డు మీద రెండు పాయింట్లు పెరిగాయి, గ్యాలరీలో చప్పట్లు. వరుస మాత్రం ఒక్క అడుగు కూడా కదల్లేదు. స్టార్ ఇంకా నాలుగో నంబరే. ఈలోపు అవతలి రైడర్లు ముగ్గురి మీదికి వస్తూ ఒక్కొక్కరినే తీసుకెళ్తున్నారు. చివరికి అందరూ ఔటై ఆలౌట్ అయితే అవతలికి అదనంగా రెండు పాయింట్లు పోతాయి. అప్పుడుగానీ స్టార్‌తో సహా మన ఏడుగురూ లోపలికి రారు.

ఒక్కో కూతకు 30 సెకన్లు. నలభై నిమిషాల ఆటలో ప్రతి కూతా పూర్తి సమయం తీసుకుంటే జట్టుకు దక్కేవి 40. స్టార్ ఒక్కసారి నాలుగైదు నిమిషాలు బెంచీ మీద ఉంటే జట్టు కూతలు నాలుగైదు అతను లేకుండానే పోతాయి. మ్యాచ్‌లో రెండుసార్లు అలా జరిగితే అతను చేసిన పదిహేను పాయింట్లు ఓదార్పుకే పనికొస్తాయి.

కాబట్టి స్టార్ రైడర్ విలువ అతని కాళ్ళలో ఎంత ఉందో, అతన్ని లోపలికి పిలిచే డిఫెన్స్ చేతుల్లో అంతే ఉంది. ట్యాకిల్ పాయింట్లు రాని జట్టులో ఎంత పెద్ద రైడర్‌ను పెట్టినా కూర్చోబెట్టడానికే. పదో సీజన్‌లో జరిగింది నా దృష్టిలో ఇదే. ఏడో సీజన్‌లో కోటి 45 లక్షలకు సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చినా జట్టు 11వ స్థానంలో ఆగిపోయింది. అదీ ఈ కోవలోదే.

గచ్చిబౌలి స్టాండ్:

ఎడమ కార్నర్ గారూ, బెంచీ లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ "డిఫెన్స్ కొనుక్కుంటే సరిపోయేది" అని ఎవరైనా అర్థం చేసుకుంటారేమోనని ఇది రాస్తున్నా.

తొమ్మిదో సీజన్ జట్టును గుర్తు చేసుకోండి. సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైన్‌స్వాల్, విశాల్ భరద్వాజ్, రవీందర్ పహల్. నలుగురూ పేరున్న డిఫెండర్లే. రైడింగ్‌లో సిద్ధార్థ్ దేశాయ్, మోనూ గోయత్, అభిషేక్ సింగ్. కాగితం మీద ఆ జట్టును చూసి ఎవరూ భయపడకుండా ఉండరు. గెలిచింది ఎన్ని? 22లో 2. అంతకుముందు ఎనిమిదో సీజన్‌లో సిద్ధార్థ్ గాయంతో ఆరంభంలోనే తప్పుకున్నాక ఒక్కటే గెలిచాం. సరే, అది గాయం దెబ్బ అనుకుందాం. తొమ్మిదో సీజన్‌కు ఆ సాకు చాలదు.

డిఫెన్స్ అంటే నలుగురు మంచి ఆటగాళ్ళు కాదు, రెండు జతలు. ఎడమ కార్నర్‌తో ఎడమ కవర్, కుడి కార్నర్‌తో కుడి కవర్. కార్నర్ అంటే డిఫెన్స్ వరుసకు చివర నిలబడేవాడు, కవర్ అంటే మధ్యకు దగ్గరగా ఉండేవాడు. రైడర్ లోతుగా వచ్చి కార్నర్ వైపు కాలు చాచాడు అనుకోండి. కార్నర్ వంగి చీలమండ పట్టాడు. ఇక్కడితో సగం పనే అయింది. యాంకిల్ హోల్డ్ పడ్డ రైడర్ వెంటనే మధ్య గీత వైపు పడతాడు, చేయి చాచి గీత అందుకోవాలని చూస్తాడు. ఆ క్షణంలో కవర్ ఎక్కడున్నాడో చూడండి. కార్నర్ కదిలిన వెంటనే కవర్ కూడా కదిలి, రైడర్‌కూ మధ్య గీతకూ నడుమ ఛాతీ అడ్డం పెడితే పాయింటు మనది. కవర్ ఒక్క అడుగు ఆలస్యమైతే రైడర్ కార్నర్‌ను ఈడ్చుకుంటూ గీత తాకుతాడు. ఆదుకోబోయి చెయ్యి వేసిన కవర్ కూడా ఔట్. ఒక్క పాయింటు రావాల్సిన చోట రెండు పోయాయి, ఇద్దరు బయటికెళ్ళారు. కామెంటరీలో "కార్నర్ తప్పు" అంటారు. తప్పు చాలాసార్లు కవర్‌ది.

దీనికి తిరగేసిన తప్పు కవర్ల తొందర. దీన్నే అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. మధ్య గీత నుంచి రైడర్ తప్పక దాటాల్సిన బాక్ లైన్ 3.75 మీటర్లు, దానికి మరో మీటరు అవతల బోనస్ లైన్, వెనుక గీత 6.5 మీటర్ల దగ్గర. రైడర్ బోనస్ లైన్ దాకా వస్తే తిరిగి వెళ్ళడానికి నాలుగున్నర మీటర్ల పైనే ఉంటుంది. అతను బాక్ లైన్ దగ్గరే తచ్చాడుతున్నప్పుడు కవర్ మీదికి దూకితే, రైడర్‌కు ఇంటికి రెండంగలే. పైగా కవర్ దూకి ఖాళీ చేసిన చోటులోంచే తప్పుకుంటాడు. ఓటమి వెంటాడుతున్న జట్టులో ఈ తొందర మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరికి వాళ్ళు తామే మ్యాచ్ తిప్పాలనుకుంటారు.

అన్నట్టు కార్నర్‌కూ కవర్‌కూ నడుమ ఉండే ఇన్ స్థానాల్లో నిలబడేది సాధారణంగా మన రైడర్లే. అవతలి రైడర్ వెతికేది వాళ్ళనే. స్టార్ రైడర్‌ను డిఫెన్స్‌లో అక్కడ తాకి బయటికి పంపితే, పట్టే శ్రమ లేకుండానే పని అయిపోతుంది. మంచి జట్లు తమ స్టార్‌ను చెయిన్‌లో, అంటే చేతులు పట్టుకున్న డిఫెండర్ల వరుసలో, వెనక్కి పెట్టి కాపాడుకుంటాయి. మనవాడు డిఫెన్స్‌లో ఎన్నిసార్లు ఔటయ్యాడో కూడా రాసుకోండి.

విశాఖ మ్యాట్:

ఇద్దరికీ ధన్యవాదాలు. కవర్ విషయం అసలు ఎప్పుడూ గమనించలేదు. ఇంకో రెండు సందేహాలు. మనవాళ్ళు వరుసగా రెండు ఖాళీ రైడ్లు (ఎవరికీ పాయింటు రాని కూతలు) చేస్తే చిరాకేస్తుంది, అది భయమా, వ్యూహమా? 12వ సీజన్‌లో పాయింట్ల పద్ధతి మారింది కదా, దానివల్ల చివరి నిమిషాల ఆట మారిందా?

మూడో కూత:

ఖాళీ రైడ్ చూసి చిరాకుపడే ముందు అవతల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మొత్తం ఆట ఆ అంకె మీదే నడుస్తుంది.

ఏడుగురు లేదా ఆరుగురు ఉంటే బోనస్ ఉంది. రైడర్ ఒక కాలు బోనస్ లైన్ దాటించి, వెనక కాలు గాల్లో ఉంచితే చాలు, ఎవరినీ తాకనక్కర్లేదు. బోనస్ మీద బతికే రైడర్లకు ఇదే పంట.

ఐదుగురు లేదా నలుగురు ఉంటే బోనస్ లేదు, సూపర్ ట్యాకిలూ లేదు. తాకితే పాయింటు, దొరికితే పాయింటు. రైడర్ అసలు సత్తా తేలేది ఇక్కడ. బోనస్‌లతో సూపర్-10 (మ్యాచ్‌లో పది రైడ్ పాయింట్లు) చేసే రైడర్ ఈ దశలో ఎన్ని టచ్‌లు తెచ్చాడో విడిగా చూస్తే చాలామంది గుట్టు తెలిసిపోతుంది.

ముగ్గురు లేదా అంతకంటే తక్కువ ఉంటే సూపర్ ట్యాకిల్. పట్టుకుంటే వాళ్ళకు రెండు. మన రైడర్ ఇక్కడ ఖాళీగా తిరిగొస్తే అది భయం కాదు, లెక్క. ముగ్గురే ఉన్నారు కదా అని తొందరపడి లోతుకు వెళ్తే ఒక దెబ్బకు రెండు పాయింట్లు పోతాయి, వాళ్ళవాడు ఒకడు లోపలికొస్తాడు, ఆలౌట్ చేజారుతుంది. గెలిచే మ్యాచ్‌లు ఓడేది ఎక్కువగా ఇక్కడే.

అలాగని ఖాళీ రైడ్లు ఊరికే రావు. వరుసగా రెండు ఖాళీ అయితే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడర్ ఔట్. కాబట్టి ఆ మూడో కూత ఎవరికి పడుతుందో ముందే చూసుకోవాలి. తెలివైన జట్టు మొదటి రెండు కూతలూ స్టార్‌తోనో రెండో రైడర్‌తోనో నెమ్మదిగా నడిపించి, మూడోదానికి అందుకే తయారుచేసుకున్న మూడో రైడర్‌ను పంపుతుంది. అతను దొరికినా జట్టు కుంగదు. ప్రతి డూ ఆర్ డైకి స్టారే వెళ్తున్నాడంటే మూడో రైడర్ లేడని అర్థం. మన కష్టకాలపు సీజన్లలో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపించేది. అవతలి డిఫెండర్లు మొదటి రెండు కూతలకు వెనక్కి తగ్గి నిలబడేవాళ్ళు. మూడోసారి పవన్ వస్తాడని తెలుసు, అతను వచ్చి తీరాలనీ తెలుసు.

డిఫెన్స్ వైపు నుంచి కూడా ఇదే ఆయుధం. మనవాళ్ళు ముగ్గురే మిగిలినప్పుడు అవతలి రైడర్‌కు మొదటి రెండుసార్లు ఏమీ ఇవ్వకుండా దూరంగా ఉంటే, మూడోసారి అతను తప్పనిసరిగా మీదికి రావాలి. సూపర్ ట్యాకిల్‌కు అంతకన్నా మంచి అదను దొరకదు.

పాయింట్ల సంగతి. పాత పద్ధతిలో గెలిస్తే 5, టై అయితే 3, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. 12వ సీజన్‌లో గెలిస్తే 2, ఓడితే సున్నా. ఆ సీజన్ మొదటి మ్యాచ్ 2025 ఆగస్టు 29న విశాఖలోనే, తలైవాస్ మీద 35-38తో ఓడాం. పాత లెక్కలో మూడు పాయింట్ల తేడాకు ఒకటి దక్కేది, ఇప్పుడు ఏమీ లేదు. అందుకే పది పాయింట్లు వెనకబడ్డ జట్టు చివరి మూడు నిమిషాల్లో తేడాను ఏడుకు తగ్గించుకోవడానికి జాగ్రత్తగా ఆడే పని పోయింది. తెగించి ఆడాల్సిందే. ముందున్న జట్టు మాత్రం ప్రతి కూతనూ 30 సెకన్లు సాగదీస్తుంది. చివరి రెండు నిమిషాల్లో మిగిలే కూతలు నాలుగైదే. అందులో మనవి ఎన్ని, వాటిలో డూ ఆర్ డై ఎవరికి పడుతుంది అని లెక్కేస్తే ఫలితం ముందే ఊహించవచ్చు.

టై అయితే చెరి ఐదు కూతలు. ఏడుగురూ మ్యాట్ మీదే ఉంటారు, ఔటై బయటికెళ్ళడం, తిరిగి రావడం ఉండవు, పాయింట్లే లెక్క. బాక్ లైనే బోనస్ లైన్‌గా మారుతుంది. అప్పటికీ తేలకపోతే ఫలితం తేల్చడానికి గోల్డెన్ రైడ్ అనే అదనపు కూత. ఐదుగురు వేర్వేరు రైడర్లను పంపాలి కాబట్టి స్టార్ ఒక్కడితో నడిచే జట్టుకు ఇది ప్రమాదం.

ఎడమ కార్నర్:

మూడో కూత గారి మాటకు 12వ సీజనే ఉదాహరణ. రైడింగ్‌లో విజయ్ మలిక్, భరత్ హుడా ఇద్దరూ బరువు పంచుకున్నారు. ఒకరు బెంచీ మీద ఉంటే రెండోవాడు వరుసను కదిలించాడు. దానికి పునాది 11వ సీజన్‌లోనే పడింది. పవన్ గాయపడ్డాక విజయ్ జట్టును నడిపాడు, 12 మ్యాచ్‌లు గెలిచాం. ఏడో స్థానంలో ఆగి, ఆరు జట్ల ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు దూరంలో ఉండిపోయాం.

అయినా గచ్చిబౌలి స్టాండ్ గారు చెప్పిన లోపం పూర్తిగా తీరలేదు. పుణేరి పల్టన్‌తో క్వాలిఫయర్-2లో మనవాళ్ళు 45 పాయింట్లు చేశారు, భరత్ ఒక్కడే 23. అంత చేసీ 50-45తో ఓడారు. నలభై ఐదు చేసిన జట్టు ఓడిందంటే వేలెత్తి చూపాల్సింది రైడర్ల వైపు కాదు. వేలంలో ఇంకో పెద్ద రైడర్ కోసం కాక, కలిసి కనీసం రెండు సీజన్లు ఆడే కార్నర్-కవర్ జత కోసం డబ్బు పెట్టాలన్నది నా అభిప్రాయం.

గచ్చిబౌలి స్టాండ్:

వేలం గురించి ఇంకో దారంలో మాట్లాడుకుందాం, అది తెగే చర్చ కాదు. ఆయన అడిగిన కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు.

అడ్డంగా ఆరు గడులు గీయండి. మొదటిది గడియారంలో మిగిలిన సమయం. రెండోది రైడర్ జెర్సీ నంబరు. మూడోది ఎదురుగా ఉన్న డిఫెండర్ల సంఖ్య, దీన్ని కూత మొదలవగానే రాయాలి, తర్వాత రాద్దామంటే మరిచిపోతారు. నాలుగోది ఫలితం: ఖాళీకి ఖా, టచ్‌కు ట, బోనస్‌కు బో, దొరికితే ఔ. టచ్, బోనస్ రెండూ వస్తే రెండూ రాయండి. ఐదోది పట్టినవాడి స్థానం: ఎడమ కార్నర్‌కు ఎకా, ఎడమ కవర్‌కు ఎక, కుడి వైపు అలాగే. ఆరోది బెంచీ గడి. మన ముఖ్య రైడర్ బయటికి వెళ్ళిన సమయం, వచ్చిన సమయం. రెండు జట్లకూ రాయబోతే చెయ్యి అందదు. మొదట్లో మనవాళ్ళ కూతలు, మనవాళ్ళు పట్టినవి రాస్తే చాలు.

మ్యాచ్ అయ్యాక మూడు కూడికలు వేయండి. స్టార్ బెంచీ మీద ఉన్న మొత్తం నిమిషాలు. డిఫెండర్లు ఐదుగురు లేదా నలుగురు ఉన్నప్పుడు వచ్చిన టచ్ పాయింట్లు. ట్యాకిల్ పాయింట్లలో కార్నర్లవి ఎన్ని, కవర్లవి ఎన్ని. ట్యాకిల్ పాయింట్లు మొత్తం పది దాటితే డిఫెన్స్‌కు మంచి రోజే. అన్నీ ఒకే కార్నర్ నుంచి వచ్చాయంటే మాత్రం సంబరపడకండి, తర్వాతి జట్టు రైడర్లు రెండో వైపే తిరుగుతారు.

లాబీ విషయంలో జాగ్రత్త. పక్కల ఒక్కో మీటరు లాబీ, తాకులాట మొదలయ్యాకే ఆటలోకి వస్తుంది. ఎవరినీ తాకకుండా రైడర్ అందులో కాలు పెడితే ఔట్. దీన్ని డిఫెండర్ ఖాతాలో రాస్తే లెక్క చెడుతుంది, "సెల్ఫ్" అని విడిగా రాసుకోండి. రివ్యూ అడిగితే తీర్పు వచ్చేదాకా పెన్ను ఎత్తి ఉంచండి.

కూర్చునే చోటు: విశాఖ పోర్ట్ స్టేడియమైనా, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియమైనా, వెనుక గీత వైపు కాస్త ఎత్తులో కూర్చుంటే చెయిన్ మొత్తం విప్పి చూపినట్టు కనిపిస్తుంది, కవర్ ఎప్పుడు కదిలాడో తెలుస్తుంది. పక్క వైపు, మధ్య గీతకు ఎదురుగా కూర్చుంటే రైడర్ ఎంత లోతుకు వెళ్ళాడు, బోనస్‌లో వెనక కాలు లేచిందా లేదా అన్నది తెలుస్తుంది. మొదటి వరుసలు ఖరీదే కానీ అక్కడ మనుషుల వెనక మనుషులు కప్పుకుపోతారు, ఈ పనికి పనికిరావు. ఇంకో సంగతి: విరామం తర్వాత జట్లు కోర్టు మారతాయి, మీ ముందున్న డిఫెన్స్ మారిపోతుంది. మొదటి సగంలో మనవాళ్ళ చెయిన్ దగ్గరగా చూశారంటే, రెండో సగంలో అవతలివాళ్ళది చూస్తారు. రాసుకునే పనికి టీవీలో మళ్ళీ వేసే మ్యాచే సుఖం, ఆపుకుంటూ చూడొచ్చు.